తాతయ్య గోరు మీది కుట్టు

ఆ కుట్టుమిషన్ జోలికి వెళ్ళకు. పాత ఇనుముకి వేసేద్దామంటున్నావని మీ అమ్మ చెప్పిందిలే. రా, ఇలా కూర్చో. నీకు కనపడేది తుప్పు. మీ తాతయ్య తొక్కుతుంటే వీధి చివరిదాకా వినపడేది. మనిషి మాట మాత్రం వినపడదు, నోట్లో ఎప్పుడూ దారమేగా. జాకెట్ చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదు. "రేపు ఖాయమండీ" అనేవాడు. పక్కింటి టీచరమ్మ, "మీ రేపు మా సెలవులకన్నా పొడుగు" అని దెప్పేది. ఆఁ, ఏం చెబుతున్నాను? మీ అమ్మ. అప్పటికి ఏడేళ్ళుంటాయేమో. జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గిపోయాయి. ఇంక బాగానే ఉందనుకున్నాక, నడుస్తుంటే చెప్పులు జారిపోతున్నాయంది. మీ తాతయ్యది దర్జీ బుద్ధి కదా, పట్టీలు వదులయ్యాయనుకుని కూర్చుని బిగించి కుట్టాడు. తెల్లారేసరికి పిల్ల మెట్టెక్కలేదు. సాయంత్రానికి చెంచా పట్టుకోలేదు. ఆసుపత్రిలో డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఉలకలేదు, పలకలేదు. తర్వాత ఊపిరికి కూడా మిషనే పెట్టారు. "నరాల మీది పొర దెబ్బతింది, మళ్ళీ వస్తుంది. చాలామంది పిల్లలు లేచి నడుస్తారు. ఎప్పుడని మాత్రం చెప్పలేను" అన్నాడాయన. మీ తాతయ్య నాతో, "గుడ్డ బాగానే ఉందే, లైనింగే పోయింది" అన్నాడు. అని, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఊపిరి వచ్చింది, చేతులొచ్చాయి. ఇంటికి తెచ్చాం. కాళ్ళు రాలేదు. పాదాలు ఆడిస్తూ ఉండమన్నారు కదా, ఈయన పిల్లని ఇదిగో ఈ మిషన్ ముందు కూర్చోబెట్టి, పాదాలు పెడల్ మీద పెట్టి, పక్కన నిలబడి చక్రం చేత్తో తిప్పేవాడు. పెడల్‌తో పాటు పాదాలూ ఆడేవి. "చూశావా, నువ్వే తొక్కుతున్నావు" అనేవాడు. అది ఊరుకుంటుందా? "కాదు నాన్నా, నువ్వే తిప్పుతున్నావు" అనేది. రోజూ ఇదే గొడవ. టీచరమ్మ జాకెట్లు మూలన పడ్డాయి. నెలలు గడిచాయి. ఈ మనిషి విసుక్కుంటే ఒట్టు.

ఒక మధ్యాహ్నం చక్రం వదిలేసి, సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. వేలు సూది కిందే ఉంది. టక్కున సూది దిగింది, గోట్లోంచి అవతలికి. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. రక్తం కారుతుంటే ఆయన వేలు తియ్యడు, కదలడు, నవ్వుతున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. మీ అమ్మేమో, "నాన్నా, ఇప్పుడు నువ్వు తిప్పలేదుగా" అంటోంది.

ఆ గోరు మళ్ళీ సరిగ్గా రానే లేదు. ఎవరడిగినా వేలు చాపి, "మా అమ్మాయి కుట్టింది" అని చెప్పుకునేవాడు. చివరి రోజుల్లో మంచం మీద కూడా, సెలైన్ ఎక్కించే అమ్మాయికి...

అదుగో, మెట్ల మీద మీ అమ్మ. ఎడమ పాదం ఇప్పటికీ కాస్త టప్‌మంటుంది, విన్నావా? సరేగాని, ఆ అలమరలో మిషన్ నూనె డబ్బా ఉందేమో చూడు.