దసరా నాడు గుంజిన దారాలు

దుబ్బయ్య హోటలంటే పేరుకే హోటలు. ఒక గ్యాసు పొయ్యి, రెండు బెంచీలు, నెత్తిన రేకులు. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో పొద్దెక్కాక అక్కడ చాయ్ కంటే శైలేందర్ మాటలే ఎక్కువ కాగుతుంటాయి. ఆ పక్క షట్టరులోనే అతని భార్య సుచిత్ర జాకెట్లు కుడుతుంది. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. మొగుడి మాటలు ఆపడానికి ఆ గోడ ఏనాడూ చాలలేదు.

ఆ రోజు దౌల్తాబాదు నుంచి సింధుజ అనే పిల్ల ఆటో దిగి, ఒడిలో పసిబిడ్డను పట్టుకున్నంత భద్రంగా ఒక ఓవర్‌లాక్ మిషన్ తెచ్చి హోటలు బెంచీ మీద పెట్టింది. ఇళ్లలో వాడుకునే చిన్న మిషన్. బట్ట అంచు పోగులు ఊడకుండా కత్తిరిస్తూ కుట్టేది. బడి యూనిఫారాలు మొట్టమొదటిసారి ఒప్పుకుంది. సోమవారం బళ్లు తెరుస్తారు. ఆలోపు అన్నింటికీ నీలం దారంతో అంచులు పడాలి. మిషన్లో ఉన్నది ఎర్ర దారం. నాలుగు దారాలు, నాలుగు దార్లు. ఎక్కడ చెయ్యి పెడితే ఏం పాడవుతుందోనని ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"వదినకు గిసొంటిదే మిషన్ ఉందట గదా, జర దారం మార్చిస్తదని వచ్చిన" అంది సింధుజ.

మాట విని బయటికొచ్చిన సుచిత్ర నీలం దారం కండెలు తేవడానికి మళ్లీ షట్టరులోకి పోయింది. ఆమె తిరిగి వచ్చేసరికే శైలేందర్ మిషన్ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"వదినదేముందమ్మా, ఆమెకు తొక్కుడే తెలుసు. ఆ మిషన్‌ను బిగిచ్చింది నేను, దారం ఎక్కిచ్చింది నేను. కూసో. దుబ్బన్నా, చెల్లెకు చాయ్ పొయ్యి."

సుచిత్ర కండెలు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బిగించింది ఎవరో ఆమెకు తెలుసు. దారం ఎక్కించింది ఎవరో ఇంకా బాగా తెలుసు. ఆ మిషన్ ఇప్పుడు ఇంట్లో మంచం పక్కన పాత చీర కప్పుకుని ఉంది. దసరా నుంచి ఒక్క కుట్టు పడలేదు. ఈ సంగతి ఈ బజారులో మొగుడికీ తనకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదని అతని పట్టు.

"అట్టపెట్టెల వచ్చింది" మొదలుపెట్టాడు శైలేందర్. "ఇప్పి చూస్తే లోపల పుస్తకం. ఏ భాషనో ఏమో, అక్షరాలన్ని తేళ్ల లెక్క పాకుతున్నయ్. నేను గా పుస్తకాన్ని తీసి పొయ్యి మీది గిన్నె కింద పెట్టిన. దాంతోని నాకేం పని? మిషన్ మొఖం జూస్తే దాని కడుపుల ఏముందో చెప్త. చాయ్ తెచ్చుకున్న, ఒక గుటక తాగిన, గిలాస కింద పెట్టిన, నాలుగు దారాలు ఎక్కిచ్చిన. మళ్ల గిలాస పట్టుకుంటే చాయ్ ఇంక కాలుతనే ఉంది."

"దుబ్బడు పోసే చాయ్ అయితే ముందుగాలనే సల్లగుంటది" అన్నాడు కోడిగుడ్లమ్మే ముసలి కిష్టయ్య.

"తాతా, నీ ఉద్దెర బాకీ సంగతి తియ్యాల్నా?" అని దుబ్బయ్య పొయ్యి దగ్గర్నుంచే అరిచాడు.

"ఇనుండ్రి, ఇనుండ్రి. నాలుగు దారాలు ఒకటెనక ఒకటి ఎక్కియ్యలే. ఒక్కపారే! రెండు చేతులల్ల రెండు, పండ్ల నడుమ ఒకటి, కాలి బొటనేలు సందుల ఒకటి. ఒక్క గుంజుడు. పోయి సూదుల్ల కూసున్నయ్."

ఇంకో బెంచీ మీద యోహాను ఉన్నాడు. సందు మలుపులో కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. పనిముట్ల సంచీ ఎప్పుడూ కాళ్ల దగ్గరే ఉంటుంది. అతను చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ, "పై లూపర్ సరే శైలన్నా. కింది లూపర్ చిమ్టా పెట్టినా అందది. బొటనేలు ఎట్ల దూరింది?" అన్నాడు.

లూపరంటే సూది కింద ఉండే కొక్కెం. పైదొకటి, కిందిదొకటి. సూదిలోని దారాన్ని పట్టి అంచును అల్లేది అదే. కింది దాని చెవిలోకి చిమ్టా అనే సన్న పట్టకారుతో దారం పోనియ్యడం చూపు బాగున్నవాళ్లకే కష్టం. సుచిత్రకు చత్వారం వచ్చినప్పటి నుంచీ ఆ పని కూతురు ఉజ్వలే చేసేది. కొత్తగూడెంలో నర్సింగు సీటు వచ్చి, బయల్దేరే రోజు పొద్దున కూడా బ్యాగు గుమ్మంలో పెట్టి, మిషన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని నాలుగూ కొత్తగా ఎక్కించింది. "అమ్మా, ఇగ వీటిని ఎన్నడు పూరా తియ్యకు. రంగు మార్చాల్నంటే కండె దగ్గర కోసి, కొత్త దారం ముడేసి మెల్లగ గుంజు. దానంతట అదే పాత దారి పట్టుకుని వస్తది" అని చెప్పి బస్సెక్కింది. సుచిత్ర అలాగే చేసింది. ఎన్ని రంగులు మారినా ముడి మీద ముడి. కూతురు వేసి వెళ్లిన దారిలోంచే ప్రతి దారమూ నడిచి వచ్చేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వుతారని.

"యోహానూ, నీది రిపేరు చదువు. నాది దేవుడిచ్చిన చెయ్యి" అన్నాడు శైలేందర్. "అసలు ముచ్చట దసరా నాడు. పూజకు మిషన్ పెట్టాలె. దేవుని ముందర మిషన్‌ను పాత దారాలతోని పెడ్తమా? మైలబట్టలతోని పిల్లను పెండ్లిపీటల మీద కూసోపెట్టినట్టు! నాలుగింటిని పట్టి ఒక్కపారి గుంజి పారేసిన. తడిబట్టతోని తుడిసిన, పసుపు బొట్లు పెట్టిన, కుంకుమ పెట్టిన, నిమ్మకాయ కోసిన. పెండ్లికూతురి లెక్క మెరిసింది."

సుచిత్ర గుమ్మం పట్టుకుంది. ఇంతవరకూ అతను చెప్పినదాంట్లో నిజం ఇదొక్కటే. ఆ రోజు ఆమె వంటింట్లో ఉంది. వచ్చి చూస్తే పసుపు బొట్ల మిషన్, కింద చెత్తబుట్టలో దారాల ఉండ.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కరెంటు పోయింది! చిమ్మచీకటి. నేను చిమ్టా పట్టలే, బత్తి పట్టలే. కండ్లు మూసుకున్న. దారం కొస పట్టుకుని 'రా బిడ్డా' అన్న. వచ్చింది! పిలిస్తే వచ్చే పిల్ల లెక్క, వంపు వంపుకు ఒరుసుకుంట, కింది లూపర్ల దూరి, పైకొచ్చి, నా ఏలు ముట్టుకుంది."

కరెంటు పోలేదు. పట్టపగలు. అతను దారం దూర్చలేక, చెమటలు కారుతుంటే, వరస తప్పి సూదుల్లోకి ముందు ఎక్కించి, లూపర్లోకి చివర తోసి, అది పడకపోతే చక్రాన్ని వెనక్కి బలంగా తిప్పాడు. లోపల టక్కుమంది. "దేవుడు ఒప్పుకున్న సప్పుడు" అన్నాడు ఆ రోజు. కింది లూపర్ వంగింది. యోహానును పిలుస్తానంటే, "వాన్ని పిలిస్తే బజారంత ఎర్కయితది. పార్టు నేనే తెప్పిస్త" అన్నాడు. తెప్పించలేదు. ఆ దసరా నుంచి ఇప్పటిదాకా సుచిత్ర జాకెట్ల అంచులు కొన్ని చేత్తో కుట్టింది. కొన్ని కొంగు చాటున దాచి వేరే వీధి షాపులో వేయించుకొచ్చింది. తన షట్టరు ముందు 'ఓవర్‌లాక్ చేయబడును' అన్న బోర్డు మటుకు అలాగే వేలాడుతోంది.

"పెడల్ మీద కాలు పెట్టిన" శైలేందర్ లేచి నిలబడ్డాడు. "ఉత్తగ ఆనిచ్చిన, అంతే. జాకెట్ ముక్క సర్రున పోయింది. దానెనక చీర పోయింది. చీర ఎనక తలుపు కర్టెను పోయింది. ఆపుదామంటే ఆగది! పక్క గల్లీల ఫంక్షను షామియానా ఉంటే, దాని అంచు పట్టుకుంది, పెండ్లివాళ్లు తినుకుంటనే ఉన్నరు, సుట్టూత కుట్టి వచ్చింది. ఒక్క మెతుకు కింద పడలే."

"పెండ్లికొడుకు దోతి?" అడిగాడు దుబ్బయ్య.

"దానికి గూడ అంచు పడ్డది. గిప్పటికి ఊడలేదని మొన్న బస్టాండ్ల మొక్కిండు."

అందరూ నవ్వారు. సింధుజ కూడా నవ్వింది. నవ్వుతూనే మిషన్ మీద వేసిన చెయ్యి తీయలేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మిషన్ ఇంట్ల ఆగలే. కోమటి చెరువు దిక్కు పోయింది. నేను పెడల్ పట్టుకుని ఎనకనే ఉరుకుతున్న. వైరు ఎంత పొడుగుందో అడగకుండ్రి. కట్ట అంచు కనవడ్డది. ఈ కొస నుంచి ఆ కొస దాక నాలుగు దారాల కుట్టు! గందుకే ఇన్ని వానలు పడ్డా ఆ కట్ట చుక్క కారలే. గాడికెళ్లి మద్దూరు తొవ్వ. గుంతలున్నయా? నడిమిట్ల అతుకేసిన. మధ్యల ఒక బర్రె అడ్డమొచ్చింది…"

"దాన్ని గూడ కుట్టినవా?"

"తోకకు అంచేసిన, కుచ్చు ఊడకుంట."

కిష్టయ్య దగ్గుతూ నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వే వాళ్లను చూస్తే శైలేందర్‌కు ఆకలి పెరుగుతుంది. గొంతు ఇంకా లేపాడు.

"మొన్న జగదేవ్‌పూర్ల ధనధన వాన కొట్టింది. దౌల్తాబాదుల చినుకు లేదు. అవునా కాదా చెల్లే?"

"అవునన్నా" అంది సింధుజ.

"ఎందుకు? మబ్బుకు అంచు గాడనే కుట్టిన! రెండు మబ్బులు చిరుగుతుండె, పైకి లేసి జాయింటు ఏసిన. మిషన్ చేసిన కంపెనోళ్లు ఇమానంల వచ్చిన్రు, దండలు పట్టుకుని. 'సార్, మేం చేసిన మిషన్‌కు గీ పని వస్తదని మాకే తెల్వదు' అని ఏడ్చిన్రు. 'మీ దగ్గర దారం ఎక్కియ్యరాదు, గందుకే' అన్న."

ఆ మాట మీద హోటలంతా చప్పట్లు. ఆ చప్పట్ల నడుమే శైలేందర్ సింధుజ వైపు తిరిగాడు. "ముడులు గిడులు ముసలోళ్ల పని చెల్లే. ఎర్రది పూరా కోసి పారేద్దాం. నీలం నేను ఒక్క గుటకల ఎక్కిస్త. కత్తెర తే."

సింధుజ సంచీలోంచి కత్తెర తీసి ఇచ్చింది. నమ్మి ఇచ్చింది. ఆ పిల్ల మొహంలో నవ్వు ఇంకా ఆరలేదు. మాటలకు నవ్వినా, చేతి మీద నమ్మకం ఉంది. శైలేందర్ కత్తెర తెరిచి నాలుగు దారాలనూ ఒక్క పిడికిట్లోకి పట్టాడు.

సుచిత్ర వచ్చి ఆ దారాల మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి, తెగుతది" అన్నాడు.

"గీ దారాలు కోయకు."

"ఎందుకు?"

"కోస్తే గీ పిల్ల మిషన్ గూడ మన మిషన్ లెక్కనే అయితది."

"మీ మిషన్‌కు ఏమైందవ్వా?" అన్నాడు కిష్టయ్య నవ్వు ఆపుకోకుండానే. "మబ్బులు కుడుతుంది గద?"

"దసరా సంది గుడ్డపేలిక గూడ కుట్టలే తాతా. ఈయన గుంజి పారేసినయి మా బిడ్డ ఎక్కిచ్చి పోయిన దారాలు. మళ్ల ఎక్కియ్యరాక, చక్రం ఎనకకు తిప్పి కింది లూపర్ వంచిండు. అంచులు నేను వేరే షాపుల ఏయించుకొస్తున్న, దొంగతనం చేసినట్టు."

దుబ్బయ్య చాయ్ వడబోయడం ఆపాడు.

శైలేందర్ పెద్దగా నవ్వాడు. "మజాకు చేస్తుంది. లోపటికి పో సుచిత్రా, గిరాకీ వచ్చినట్టుంది."

"గిరాకీ లేదు." ఆమె గొంతు లేవలేదు. "నువ్వు గీడ ఎన్ని చెప్పినా ఏం కాదు. ఎవ్వలు నమ్మరు, నవ్వి పోతరు. నేను ఐతారం ఐతారం ఉజ్వలకు ఫోన్ల చెప్తున్న. మిషన్ మంచిగ నడుస్తుంది బిడ్డా, నువ్వు ఎక్కిచ్చిన దారాలే ఇంక ఉన్నయి, పానం నిమ్మలంగ పెట్టుకుని చదువుకో అని. అది నమ్ముతుంది."

శైలేందర్ చేతిలో కత్తెర తెరిచే ఉంది. సింధుజ మెల్లగా దాన్ని అందుకుని సంచీలో వేసుకుంది.

"యోహానన్నా" అంది సుచిత్ర, "రేపు జర ఇంటికి రా. ఎన్నడో పిలవాల్సింది."

"రేపెందుకు చెల్లే, ఇప్పుడే పోదాం." యోహాను బిస్కెట్ వదిలేసి సంచీ అందుకున్నాడు.

"జర ఆగన్నా. ఈమెది అయిపోనియ్యి." సుచిత్ర బెంచీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎర్ర దారాన్ని కండె దగ్గర తెంపి, నీలం దారం ముడేసి, చదును చేసి, సింధుజ చేతికిచ్చింది. "గుంజకు. మెల్లగ రానియ్యి. సూది దగ్గరికి ముడి వస్తే ఆగు. సూది కంట్ల ముడి పట్టది, అక్కడ తెంపి ఎక్కియ్యాలె." సింధుజ రెండు వేళ్లతో లాగింది. ఎర్ర దారం కిందికి జారుతుంటే దాని వెనకే నీలం మలుపు మలుపులో కనబడి, మాయమై, మళ్లీ కనబడింది.

శైలేందర్ ఆ దారం వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత యోహాను దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు చెప్పాడు. ఉన్నదాన్ని తక్కువ చేసి చెప్పడం అతని నోట ఆ సందులో అదే మొదలు.

"లూపర్ అంతగనం ఏం వంగలే. జరంత."

"జరంత వంగినా చాలన్నా" అన్నాడు యోహాను. "దారం పట్టది."