ఎంక్వయిరీ బల్ల దగ్గర నా ఉద్యోగం

"చిన్నమ్మమ్మా, లెక్కలు రానోళ్ళకి ఉద్యోగాలుంటాయంటావా?"

ఎందుకుండవే! నేను చెయ్యలేదా? పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పేను... కాదు, నాలుగు. చూశావా, అది కూడా లెక్క తెలీదు. మా మావయ్య విసిగిపోయి, దీనికి నోరొక్కటే ఉంది, దాంతోనే బతకాలని, పాలకొల్లులో తెలిసినాయన నర్సింగ్ హోంలో ఎంక్వయిరీ బల్ల దగ్గర కూర్చోబెట్టేడు. తొంభై నాలుగో, అయిదో. జీతం ఆరొందలు. నవ్వకు, అప్పుడు ఆరొందలకి మంచి చీరలు రెండొచ్చేవి.

ఆ డాక్టరుగారి హస్తవాసి గొప్పదే. నోరే మంచిది కాదు. మొహం మీదే "కష్టమండి" అనేసి లోపలికెళ్ళిపోయేవారు. ఏడుపులన్నీ నా బల్ల దగ్గరే. కాఫీ తాగేరా, ఏ ఊరండి మీది అని నేను సముదాయించాలి. ఇప్పుడు దాన్నే కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఫీజు కట్టి నేర్చుకుంటున్నారటగా. మా రోజుల్లో వాగుడనేవారు.

సరే, ఒకరోజు పొద్దున్నే మొగల్తూరు నుంచి ఒక పెద్దాయన్ని గుండె నొప్పని తీసుకొచ్చేరు. కూడా భార్య, కొడుకు. ఆవిడకి సుగరు. ముందురోజు మధ్యాన్నం నుంచీ ఏం తినలేదట, చేతులు వణికిపోతున్నాయి. ఎనిమిదిన్నరకి డాక్టరుగారు తల బయటికి పెట్టి, పోయేడు, చెప్పెయ్ అని నాకు మాత్రం వినబడేట్టు అన్నారు.

చెప్తే ఏమవుద్ది? దహనం అయ్యేదాకా ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టదు. చుట్టాలొచ్చేసరికి సాయంత్రం. ఈవిడ కూడా పోద్ది. అందుకని, డాక్టరుగారు ఇంకా చూస్తున్నారండీ, ఈలోపు రెండిడ్లీ తినండి అన్నాను. ఎదురు హోటల్నుంచి తెప్పించి, దగ్గర కూర్చుని తినిపించేను. చెయ్యి కడుక్కున్నాక చెప్పేను. నా తెలివికి నేనే మురిసిపోయేనంటే నమ్ము.

పెద్దకర్మ అయ్యాక తల్లీ కొడుకూ వచ్చేరు. కొడుకు చేతిలో ఆస్పత్రి కాయితం. పోయింది ఎనిమిదిన్నరకని రాసుంది, మీ ఇడ్లీ వచ్చింది నా వాచీలో తొమ్మిదికి పదిహేన్నిమిషాలుందనగా, మొగుడి శవం పక్క గదిలో ఉండగా తిన్నానని మా అమ్మ ఆరోజు నుంచీ గుక్కెడు మజ్జిగ తప్ప ముద్ద ముట్టట్లేదండీ అని కేకలేసేడు. డాక్టరుగారు తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసేసుకున్నారు. ఆయన చదువాయనది, ఏం చేస్తాం.

ఆవిడ మనిషి సగమైపోయింది. రెండిడ్లీ పెట్టి ఇన్నిరోజుల తిండి లాగేసుకున్నానే నేను.

"నిజం చెప్పమ్మా. నేను తినేటప్పుడు ఆయనున్నారా?" అంది.

"ఉన్నారండీ. మా గడియారం అరగంట వెనక నడుస్తుంది. డాక్టరుగారు అది చూసి రాసేరు. అసలు తొమ్మిదింటికండి" అన్నాను.

కొడుకు గోడ గడియారం వంక చూసేడు. చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ ఒకటే టైము. అతను చొక్కా చెయ్యి కిందకి లాక్కుని ఆ వాచీ కప్పేసుకున్నాడు.

ఆవిడకి తెలీదా? ఆరోజంతా ఆ గడియారం కిందే కూర్చుంది మరి.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది.

చెప్పేను. మళ్ళీ చెప్పించుకుంది. అలా ఎన్నిసార్లో... ఆఖరికి కొడుకు వైపు తిరిగి, "ఆకలేస్తోందిరా" అంది.

అదేనే మరి ఉద్యోగమంటే... చల్లగా ఉండు తల్లీ, లే, నువ్వూ పొద్దున్నుంచీ ఏం తినలేదు.