మేకులు కొట్టిన కిటికీ

గదిలో ముగ్గురే ఉన్నారు: డాక్టరమ్మ, దగ్గుతో వచ్చిన ఇల్లాలు, పక్క కుర్చీలో ఆవిడ భర్త.

“సిగరెట్లా? మా ఇంటా వంటా లేవు డాక్టరమ్మా!”

“మిమ్మల్ని కాదండీ, ఆవిణ్ణి అడుగుతున్నా. చెప్పమ్మా, దగ్గు ఎక్కడున్నప్పుడు ఎక్కువ?”

“పొయ్యి దగ్గరండీ. నూనె కాగిందంటే చాలు, ఇంక...”

“తలుపు తీసి వండుతారా?”

“వేసే వండుతానండీ. హాల్లోకి వాసనొస్తే ఈయనకి తలనొప్పి.”

“పోనీ, కిటికీ?”

“ఉందండీ. అంటే... ఉంది.”

“తెరుస్తారా?”

“చెక్కలు పెట్టి మేకులు కొట్టాం.”

“అయ్యో, ఎందుకు?”

“దుమ్మండీ.”

“దుమ్మూ లేదు, గిమ్మూ లేదు. నా పిట్టల కోసం. దాచడం దేనికే? కిటికీ అవతల బాల్కనీలో పంజరాలున్నాయి డాక్టరమ్మా. పిట్టల ఊపిరి ఎంత సుకుమారమో మీకు తెలీదు. మాడిన పొగ తగిలితే రాలిపోతాయి. ఈ మహాతల్లి ఒకరోజు కిటికీ తెరిచింది, రెండు పోయాయి. అప్పుడు కొట్టాను మేకులు.”

“ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదండీ.”

“మరి ఆ పొగంతా లోపలే ఉండిపోతే ఈవిడ సంగతేంటి?”

“మనిషి కదండీ, తట్టుకుంటుంది.”

“పొగ లాగేసే ఫ్యాను పెట్టించండి.”

“దానికీ ఆ గోడే దిక్కు. మళ్ళీ పిట్టల మీదికే.”

“పంజరాలు జరపండి.”

“గుడ్ల మీదున్నాయండీ! ఇప్పుడు కదిపితే ఇంకేమైనా ఉందా?”

“అయితే వంట మీరు చెయ్యండి.”

“భలేవారే! నాకు పొగ పడదు.”

“వింటున్నారా అమ్మా? ఆ కిటికీ తెరవకపోతే నేనిచ్చే మందులన్నీ దండగ. ఇప్పటికే మెట్లెక్కలేకపోతున్నారు. రేపు మంచం దిగలేరు.”

“ఆయన్నేమీ అనకండి డాక్టరమ్మా. మనసు వెన్న. ఇన్నాళ్ళూ నా దగ్గు పట్టించుకోలేదు, నిజమే. నాకూ బాధేసింది. కానీ రాత్రి నేను దగ్గుతుంటే లేచి కూర్చున్నారు. తెల్లారగానే ఆఫీసుకి సెలవు పెట్టి, నేను అడక్కుండానే తీసుకొచ్చారు. పెళ్ళయ్యాక మొదటిసారండీ! కదండీ? మీరే చెప్పండి. రాత్రంతా నిద్రే పోలేదు, పాపం.”

“ఎలా పడుతుందే నిద్ర? డాక్టరమ్మా, ముందు ఆ దగ్గు ఆగడానికి ఏదో ఒకటి రాయండి. ఇది దగ్గినప్పుడల్లా తల్లిపిట్ట బెదిరిపోయి గుడ్ల మీంచి లేచిపోతోంది.”