మెదడు చిత్రాల వెంట కోదండం గారి ముప్పైనాలుగేళ్లు

1991 ఆగస్టు 12, సోమవారం నాడు, పోచంపల్లి నేత కుటుంబం నుంచి వచ్చిన ఇరవయ్యారేళ్ల యువకుడొకరు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా సంస్థ ఎక్స్‌రే విభాగంలో సహాయకులుగా చేరారు. ఆయనే ఈ నెలాఖరున ప్రధాన సాంకేతిక నిపుణులుగా పదవీ విరమణ చేయనున్న శ్రీ కోదండం గారు.

తడి ఫిల్ములు ఆరవేయడంతో మొదలైన ఆయన ఉద్యోగ జీవితం, సి.టి. యంత్రం మీదుగా సాగి, 2006లో సంస్థ ఎల్.బి.నగర్‌కు తరలి మెదడు పరిశోధన విభాగం ఏర్పడినప్పుడు ఎం.ఆర్.ఐ. గదికి చేరింది. జ్ఞాపకశక్తి క్షీణిస్తున్నవారి మెదళ్లను ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చి చూసే ఆ బృహత్తర అధ్యయనంలో అత్యధిక చిత్రాలు ఆయన చేతి మీదుగా వచ్చినవే.

2017లో హయత్‌నగర్ నుంచి మట్టయ్య గారనే వృద్ధుడిని భార్య అండాలమ్మ గారు తీసుకువచ్చారు. మరపు ఆయనది, ఆరోగ్యవంతుల జాబితాలో ఆమె తన పేరు ఇచ్చారు. ఆమె చిత్రాలు తెరపైకి వస్తుండగా కోదండం గారి చూపు ఒక రక్తనాళం వద్ద ఆగిపోయింది. అక్కడ చిన్న ఉబ్బు కనిపించింది. జబ్బు పేరు చెప్పే అధికారం ఆయనకు లేదు. పరిశోధన చిత్రాలను వైద్యులు చూసేది శుక్రవారం. ఆ రోజు మంగళవారం. ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు.

“అమ్మా, జర కూసో. డాక్టరమ్మ ఒక్కసారి చూస్తది.”

“నాకేమైతది బిడ్డా, మంచిగనే ఉన్న. ఇంటికి పోయి ఆయనకు అన్నం పెట్టాలె.”

“ఆయనను నేను చూసుకుంట. నువ్వు జర ఉండు.”

రోగుల మధ్య ఉన్న డాక్టర్ సంధ్యారాణి గారిని స్వయంగా వెళ్లి పిలుచుకువచ్చారు. పెద్దావిడను ఊరికే భయపెట్టానేమోనని ఆ నడకంతా అనుకుంటూనే ఉన్నానని తరువాత ఆయనే మాతో అన్నారు. పరీక్ష జరిగిన గంటన్నరసేపూ మట్టయ్య గారి పక్కన కూర్చుని తన డబ్బాలోని పెరుగన్నం తినిపించారు. “మా ఆమె యాడికి పోయింది?” అని ఆ పెద్దాయన ఎన్నిసార్లు అడిగినా, మొదటిసారి విన్నట్టే, “లోపలున్నది పెద్దయ్యా, ఒస్తది” అని అంతే నెమ్మదిగా బదులిచ్చారు.

ఆ నాళం పగిలే ప్రమాదంలో ఉందని తేలింది. ఆ వారంలోనే శస్త్రచికిత్స జరిగింది. అండాలమ్మ గారు కోలుకుని, భర్తను చివరిదాకా తన చేతులతోనే సాకారు. ఆనాటి నుంచి మా సంస్థలో ఆరోగ్యవంతుల చిత్రాలను సైతం తీసిన రోజే వైద్యులు చూడాలన్న నియమం అమలులోకి వచ్చింది.

వనస్థలిపురంలోని స్వగృహంలో సహధర్మచారిణి శ్రీమతి కనకమ్మ గారితో, కుమార్తె స్పందనతో ఆయన విశ్రాంత జీవితం ప్రశాంతంగా సాగాలని, మాలో నిన్న మొన్న చేరినవారి వీడ్కోలు సభకు సైతం తన కాళ్ల మీద నడిచివచ్చి ముందువరుసలో ఆసీనులయ్యేంతటి ఆయువూ ఆరోగ్యమూ ఆయనకు కలగాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.