తాతయ్య ఉప్పుసీసా

ఏమర్రా, మంట పసుపురంగులో వెలిగితే అందులో ఏమున్నట్టు? పైకప్పు చూడకండి, జవాబు అక్కడ రాసి లేదు.

సోడియం! అంటే మామూలు ఉప్పు. మరి తాతయ్య బీపీకని డాక్టరు రాసిచ్చిన ఉప్పులో ఎక్కువుండేది? పొటాషియం. దాని మంట ఊదారంగు. ఇదిగో, ఆ సీసాలోని ఉప్పే నీళ్లలో కలిపాను. తీగ ముంచి స్టవ్ మీద పెడితే... పసుపు!

ఏంటే పెద్దదానా? నా చేతి చెమట అంటుకుందా? భేష్! నిజమే, చెమటలోనూ సోడియమే. రవ్వంత చాలు, పక్క రంగుల్ని మింగేస్తుంది. ఈ అమ్మమ్మ పాఠం అమ్మమ్మకే అప్పజెప్పావు.

అందుకే తీగ కడిగి, రంగు రాకుండా పోయేదాకా కాల్చి, మళ్లీ ముంచాను. ఈసారి నీలం గాజుముక్కలోంచి చూశాను. రిటైరైనప్పుడు బడి ల్యాబులో అడిగి తెచ్చుకున్నానే, అది. పసుపును ఇది ఆపేస్తుంది, వెనక నక్కిన ఊదా బయటపడుతుంది. నువ్వూ చూడు చిన్నోడా. ఏం కనిపించింది? ఊదా జాడే లేదు కదూ?

మరి ఆ సీసాలో మామూలు ఉప్పు పోసిందెవరు?

తాతయ్య వైపు చూడకు. పొద్దుట్నుంచీ పేపర్లో అదే పేజీ చదువుతున్నారు, చదువుకోనీ.

మీరే పోశారా? తాతయ్య బతిమాలారా? చప్పిడి కూరతో విసిగిపోయారా? అయ్యో పాపం! నిన్న డాక్టరు బీపీ చూసి అడిగాడు, మామూలు ఉప్పు వాడుతున్నారా అని. "మా ఇంటి గడప తొక్కనివ్వను" అన్నాను, తలెగరేసి. నమ్మి మాత్ర పెంచాడు. ఈయనేమో పక్కన కూర్చుని బుద్ధిమంతుడిలా తలూపారు! ఇప్పుడు మళ్లీ డాక్టరుప్పుకి మారి, పెంచిన మాత్రా మింగితే బీపీ పడిపోదూ? మధ్యాహ్నం మాత్రకి ముందే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. మాట్లాడేది నేను కాదు, ఆయనే.

ఏంటి గొణుగుతున్నావ్? నాకు ముందే తెలియలేదా అనా?

తెలియాల్సిందే. ఈ వారమంతా తాతయ్య మారు అడిగి తిన్నారు. మీరు గిన్నెలు ఊడ్చేశారు. నేనూ ఇంకో గరిటె వేసుకున్నాను. "నా చేతివంట ఇన్నాళ్లకు కుదిరిందే" అని మీ అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను. బళ్లో అందరి రంగులూ బయటపెట్టినదాన్ని, మెచ్చుకోలు అనేసరికి పరీక్ష పెట్టబుద్ధి కాలేదు.

సరే, లేవండి. డాక్టరుప్పు ఎక్కడ దాచారో తెచ్చిపెట్టండి. పక్క పొయ్యి మీద కూర ఉడుకుతోంది, ఇంకా ఉప్పు వెయ్యలేదు. వేసొస్తాను.

బాగుందని మాత్రం ఎవరూ అనకండి. నమ్మను.