మా నాయిన కట్టిన ఇరుసు

"జేజీ, తమ్ముడు పికప్పు కొంటాండాడు గదా. ముందు చక్రాలు రెండిటికీ ఒకే ఇరుసుండే బండి మేలా, దేనికదే వేరేగా ఆడే బండి మేలా అని పొద్దున్నుంచి నాయినా వాడూ వాదులాడుకుంటాండారు. నువ్వేమో కొంగు నోటికడ్డం పెట్టుకోని నవ్వుతాండావు. ఎందుకు?"

నవ్వక ఏం చేయమంటావు మే? ఆ కొట్లాట మన ఇంట్లో ఈ పొద్దుటిది గాదు. నాకు పద్దెనిమిదేండ్లప్పుడే జరిగిండాది. ఇప్పుడంత గొంతు చేసుకోని అరుస్తాండాడే మీ నాయిన, ఆయప్ప అప్పుడు నాలుగు నెల్ల బిడ్డ. నా ఒళ్ళోనే ఉన్యాడు. కూచో. ఆ చేట ఇట్లియ్యి, చెనిక్కాయలు ఒలుస్తా చెప్తా.

మా నాయిన ఎద్దుల బండ్లు చేసేవాడు. మహానందికి ఈ పక్క పల్లె మాది. చుట్టూ ఏ ఊర్లో చూసినా ఆయన చేతి బండ్లే. ఆయనకు ఒక అలవాటుండె. మా వాకిట్లోంచి బండి యాడికి కదిలినా సరే, కిందికి వొంగి ఇరుసు మింద అరచెయ్యి పెట్టి, రోంతసేపు కండ్లు మూసుకోని, "ఉండాది, పోండి" అనేవాడు. ఆ మాట అయినంక గానీ ఎద్దులను అదిలించగూడదు.

ఎందుకంటావా? మా అమ్మ పోయింది ఇరుసు విరిగే. శివరాత్రికి మహానందికి పోతాంటే... కాదు కాదు, శివరాత్రి అంతకు ముందేడు. కార్తీక సోమారం. వంకలో దిగంగానే పుటుక్కుమనింది. అమ్మ కింద, బండి పైన. ఆ ఇరుసు చేసింది ఎవరనుకుంటివి? మా నాయినే. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఆయన ఏడ్సంగా నేను చూల్యా. మళ్ళా మహానంది దావ మటుకు తొక్కల్యా. చెయ్యి పెట్టడం ఆ పొద్దు నుంచే.

మీ జేజినాయన నాకు మేనత్త కొడుకు గదా. మా నాయిన దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్యాడు. కానీ ఆ మనిషికి చెక్క మింద మనసు నిలవల్యా. కర్నూలుకు పోయి ఒక సాయిబు షెడ్డులో చేరి మోటారు పని నేర్చుకున్యాడు. మొదట్లో అడివి కాంట్రాక్టరు దగ్గర, మిలిట్రీ వాళ్ళు అమ్మేసిన పాత బండి తోల్తాండె. దాంట్లో కూచుంటే పేగులు నోట్లోకొస్తాయి, నిజం మే! ముందర ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇనుప ఇరుసు. ఒక చక్రం రాయెక్కితే రెండోదాన్ని గూడా ఈడ్చుకోని బండంతా ఒరిగేది. మా నాయిన దాని కింద దూరి, చెయ్యి పెట్టి చూసి, నవ్వుకుంటా బయటికొచ్చినాడు. "దొరలు గూడా మన మాదిరే చేసినారే" అని ఒకటే సంబరం.

రెండేండ్లకు మీ జేజినాయన సొంతంగా ఒకటి కొన్యాడు. ఏ దొరో వాడి ఇడిసిపెట్టిన కారు. వెనకపక్క కోసేసి చెక్క తొట్టి కట్టించినాడు, మహానంది అరటిగెలలు కర్నూలుకు తోలాలని. అప్పుడు అణా పెడితే కడుపునిండా పండ్లు, ఏమనుకున్యావు! ఆ మిలిట్రీ బండిలో వేస్తే కర్నూలు చేరేతలికి కాయంతా నల్లగా కమిలిపోయేది, అంగట్లో ఎవురూ ముట్టరు. ఈ బండికి ముందు చక్రాలు దేనికదే, ఒక్కోదానికి ఒక్కో చుట్ట స్ప్రింగు. మొదటి లోడు వేసుకోని, దావలోనే గదా అని, పురిటికొచ్చిన నన్నూ బిడ్డనూ కర్నూలుకు తీసకపోదామని మా ఊరికొచ్చినాడు.

మా నాయిన వొంగి చెయ్యి పెట్టినాడు. ఇట్ల తడిమినాడు, అట్ల తడిమినాడు.

"ఒరే అబ్బీ, ఇరుసు యాడరా?"

"దీనికి ఉండదు మామా."

"ఉండదా! దావలో యాడన్నా రాలిపోయిందేమో చూసుకో పో."

"రాలిపోవల్యా మామా, చేసిందే అట్ల. ఒక చక్రం గుంతలో దిగితే రెండోదానికి తెలీనే తెలీదు. నీ మనవడు నిద్దర గూడా లేవడు."

"జతలో ఒకటి గుంతలో పడితే రెండోదానికి తెలీకపోతే అదేం జతరా?"

"నేను గుంతలో పడితే నీ కూతురికి తెలుస్తాది, పక్కనే నిలబడి నవ్వుతాది. ఈ చక్రం నవ్వనన్నా నవ్వదు మామా."

మా నాయిన నవ్వల్యా. పంపనని గూడా అనల్యా. "బువ్వ తినుపో" అని దొడ్లోకి పోయినాడు. ఒక పక్క నాయిన, ఒక పక్క మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు మాట అనే రకం గాదు, మనసులో పెట్టుకుంటారు. అట్లాంటోళ్ళకు మధ్యలో మాట చెడితే మళ్ళా అతికేది యాడ?

మీ జేజినాయన సంగటి తిని పంచలో నిద్దరపోయినాడు. నేను బిడ్డనెత్తుకోని బయటికొస్తే బండి కింద మా నాయిన కాళ్ళు అగపడినాయి. ఇంతపొడుగు ఇనుప కమ్మిని ముందు చక్రాల మధ్యన, చక్రాలను మోసే ఆ ఇనుప చేతులకు బోల్టులేసి, పైన తీగ చుట్టి బిగిస్తాండాడు. దానికి పసుపు పూసి కుంకుమ గూడా పెట్టిండాడు మే!

"ఏం చేస్తాండావు నాయినా?"

బయటికొచ్చినాడు. తలంతా దుమ్ము. "ఇరుసు లేకుండా నిన్నెట్ల పంపేది అమ్మా. మీ అమ్మను..." అని ఆపేసినాడు. తలలో దుమ్ము దులుపుకుంటా, "వానికి చెప్పగాకు. చెప్తే పీకేస్తాడు" అన్యాడు.

నేను చెప్పల్యా. అదే నేను చేసిన తప్పు. ఆ మొగం చూసినంక నోరు రాల్యా.

మేము ఎక్కి కూచున్యాము. నాయిన వొంగి చెయ్యి పెట్టి "ఉండాది, పోండి" అన్యాడు. మీ జేజినాయన అదేదో మామ మనసు మార్చుకున్యాడని మురిసిపోయినాడు పాపం.

మెత్తటి దావలో ఏం తెలీల్యా. "ఏందో బిగుసుగా పోతాండాది" అని గొణుక్కుంటానే తోలినాడు. వంకలో దిగినాము. అమ్మ పోయిన వంక గాదులే, నంద్యాల దిక్కు ఇంకోటి ఉండాది. ఎడమ చక్రం రాయి మింద నుంచి గుంతలోకి దబుక్కుమంది. అది దిగాల, రెండోది నిలవాల. రెండిటినీ కట్టేస్తే ఎట్ల? కమ్మి వంగి, తీగ తెగి, ఆ వొంపు పోయి స్టీరింగు కడ్డీకి తగులుకునింది. స్టీరింగు తిప్పితే చక్రం తిరగదు. బండి పక్కకు జారి ఇసకలో దిగబడి ఒరిగింది. తొట్టిలో గెలలు సగం నీళ్ళల్లో. బిడ్డ మటుకు నా ఒళ్ళో భద్రంగా ఉండి కిలకిల నవ్వుతాండాడు, మీ నాయినే!

మీ జేజినాయన కిందికి దూరినాడు. ఆ కమ్మి ఊడదీసి చేతబట్టుకోని బయటికొచ్చినాడు. వేళ్ళ నిండా పసుపు. ఇంక అడగాల్సిన పనేముంది? అయినా చెప్పేసినా. "నేను చూసినా. నీకు చెప్పల్యా." ఈ మనిషి ఇంక మా నాయిన గడప తొక్కడు అనుకున్యా. నన్ను గూడా పొమ్మంటాడేమో అనుకున్యా. ఇసకలో కూచుండిపోయినాడు. కమ్మిని ఇట్ల తిప్పి, అట్ల తిప్పి చూసినాడు.

"బోల్టులు నాలుగూ నేను ఊడదీసేదాకా అట్లనే ఉండె చూడు. ఒక్కటి సడల్యా. తీగ తెగింది అంతే. ఎంత పనోడే మీ నాయిన!"

అంతే మే, అంతే అన్యాడు. నేను ఆ వంకలోనే కూచోని ఏడ్సినా. పాడయిన గెలలు మేకలోళ్ళకు పంచి, ఆ కమ్మిని మటుకు బండిలో వేసుకున్యాడు.

ఉగాదికి మా ఊరికి పోయినాము. వంకలో జరిగింది చెప్పొద్దు అన్యాడు, చెప్పల్యా. బండి ఆగంగానే మా నాయిన వొంగి చెయ్యి పెట్టినాడు. మీ జేజినాయన అప్పటికే ఆ కమ్మిని సాపు చేసి, చక్రాలకు అంటకుండా, పైన చట్రానికి అడ్డంగా బిగించిండాడు. దేన్నీ మోయదు, దేన్నీ పట్టదు. ఊరికే ఉంటాది. కానీ చేతికి తగుల్తాది గదా.

శానాసేపు ఉంచినాడు చెయ్యి. "ఉండాది" అన్యాడు. "పోండి" అనల్యా. తుండు దులుపుకోని, తొట్టిలో ఎక్కి కూచోని, "మహానందికి తోలరా అబ్బీ" అన్యాడు. అమ్మ పోయిన తొమ్మిదేండ్లకు. ఆడ కోనేట్లో మునిగి లేసినంక ఆయన కండ్లు ఎర్రగా ఉండె. నీళ్ళకేలే అనుకున్యా నేను, అనుకోవాలె గదా.

ఆయన పోయేముందు, మంచంలో ఉన్యప్పుడు, గంజి తాపుతాంటే నవ్వినాడు. "ఆ కమ్మి దేన్నీ మోయల్యా అమ్మా. చెయ్యి పెట్టంగానే తెలిసింది. బోల్టులు నావి గావు" అన్యాడు.

"మరి తెలిసి ఎట్ల ఎక్కినావు నాయినా?"

"పారేసి ఉండొచ్చు గదా వాడు. పారెయ్యల్యా. అట్లాంటోడు తోల్తాంటే నాకేం భయం?"

అందుకే నవ్వొచ్చింది. మీ తమ్మునికి చెప్పు, వానికి ఏది ఇష్టమయితే అది కొనుక్కోమను. ఒక ఇరుసుదైనా సరే, లేనిదైనా సరే. వాకిట్లోకి తెచ్చినంక నన్ను పిలువు మే. నా మోకాళ్ళు వంగవు, నువ్వు పట్టుకోని వొంచాల. ఊరికే చెయ్యి పెడతా, ఏం తగిలినా తగలకపోయినా... ఉండాది, పోండి నాయినా, చల్లగా పోయి రాండి, అంటా... ఆ చేట ఇట్ల జరుపు, పొట్టు ఎగురుతాండాది...