మేకపిల్ల నిద్ర చెడని సీటు

గోపన్న మాట ఎత్తుకున్నాడంటే మద్దమ్మ టీ అంగడిలో పాలు రెండోసారి కాగాల్సిందే. కోడుమూరులో బస్సులు ఆగే చోట ఉంది ఆ అంగడి. అక్కడ కూర్చున్నవాళ్లు బస్సు వచ్చినా లేవరు. కథ విడిచిపెట్టి పోవడానికి మనసొప్పక కొందరు, గోపన్న పంచె పట్టుకుని లాగి కూర్చోబెడతాడు కనుక కొందరు. ఆయన మగ్గం నేసే మనిషి. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నోరు మూసుకుని నేస్తాడు కాబట్టి లోపల చేరిన మాటలన్నీ ఇక్కడికి తెచ్చి కుమ్మరిస్తాడని పక్కింటి పెద్ద ఈరన్న అంటుంటాడు.

ఆ గురువారం గోపన్న చేతికి చిక్కినవాడు కారు డ్రైవరు దేవేంద్రప్ప. నంద్యాలలో పత్తి మిల్లు కారు నడుపుతాడు. గోపన్న అల్లుడు ఆంజనేయ పనిచేసేది ఆ మిల్లులోనే. గోపన్న కూతురు రామలక్ష్మి పుట్టింటికి వచ్చి కనింది, ఆడపిల్ల. కాన్పు తర్వాత జ్వరం పట్టి సగమైంది. బస్సులో కుదుపులు వద్దని డాక్టరు చెబితే, మిల్లు యజమాని దయతలచి, తల్లీబిడ్డలను తీసుకురమ్మని కారిచ్చి పంపాడు. అది నాలుగు నెలల కిందటి మాట. దేవేంద్రప్ప రావడం ఇది మూడోసారి, ముందురోజు రాత్రే చేరాడు. రెండుసార్లూ ఉత్త కారుతో తిరిగి వెళ్లాడు.

దానికి కారణం సీటు. ఆ పాతకారు వెనకసీటు మీద కూర్చుంటే పెద్దవాళ్లే జారిపోతారు, ఒక తలుపుకు గడియ బదులు తాడుంది. చంటిబిడ్డకు గట్టి సీటు కావాలన్నాడు గోపన్న, అది ఎవరూ కాదనలేని మాట. పాపకు అయిదో నెలలో మేదరివాళ్ల చేత బుట్ట అల్లించాడు. తీరా కారు వచ్చాక అంచులు గీసుకుంటాయని తీసి పారేశాడు. మంచిది, వచ్చే నెల పంపుతారా అంటే, బిడ్డను సరినెలలో గడప దాటించరు కదా! ఏడో నెల దాకా ఆగాల్సి వచ్చింది. ఏడో నెలకు చెక్క కుర్చీ చేయించాడు. పిల్లను అందులో కూర్చోబెడితే పట్టలేదు.

"బట్టను కొలిచినట్టు కొలిచినాడప్పా," అని ఈరన్న ఇప్పటికీ నవ్వుతాడు. "నీళ్లు తగిలితే కుంచించుకుపోతాదని నేతోడు లెక్క ఏసుకుంటాడు గానీ, పాలు తాగితే పెరుగుతాదని ఎవుడు లెక్క ఏసుకుంటాడు?"

మళ్లీ ఎనిమిది వచ్చింది, మళ్లీ సరినెల. ఇప్పుడు తొమ్మిది నడుస్తోంది. ఇంకో నాలుగు రోజులకు పది పడుతుంది. రేపు శుక్రవారం, ఆడపిల్లను పంపరు. ఎల్లుండికి కారు మిల్లులో ఉండాలి. అంటే ఈ రోజే, అదీ ఒంటిగంటన్నరకు రాహుకాలం వచ్చేలోపు బయల్దేరాలి. మూడు దాటాక బయల్దేరితే దారిలోనే పొద్దుగూకుతుంది. చంటిబిడ్డతో చీకట్లో ప్రయాణం గోపన్న భార్య సిద్దమ్మ ఒప్పుకోదు. ఆమె మూటలన్నీ కట్టేసి, కూతురి తల దువ్వుతోంది. "ఒక టీ తాగొద్దాం పా దేవేంద్రా," అని గోపన్న డ్రైవరును పదకొండు గంటలకు లాక్కొచ్చాడు. ఇప్పుడు పన్నెండున్నర.

"ఈసారి సీటు మాత్రం నేను చేసినా," అన్నాడు గోపన్న, రెండో గ్లాసు కింద పెట్టి. "వేపచెక్క పీట, దానికి వీపు. నడుముకొకటి, భుజాలకు రెండు, నా మగ్గం మీద నేసిన పట్టీలు. ఒక్కో పట్టీకి ఎనిమిది పేటల నూలు. ఏనుగును కట్టేయొచ్చు. కారు సీటుకు బిగించి, పాపను పెట్టే ముందు పరీక్ష చెయ్యల్లా వద్దా? ఈ పొద్దు తెల్లారకముందే గుమ్మడికాయ పెట్టి, ఏటిగట్టు దాకా కారు తోలించినా. కదిలిందా గుమ్మడికాయ? అడుగు, ఈడనే ఉండాడు దేవేంద్ర."

"కదల్లేదు," అన్నాడు దేవేంద్రప్ప. అబద్ధం కాదు. దారి పొడుగునా గోపన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని, "మెల్లగప్పా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు గుమ్మడికాయకు ఎండ తగులుతుందని పైన తువ్వాలు కప్పాడు. అది చూసి దేవేంద్రప్ప నవ్వబోయి ఆగిపోయాడు.

"గుమ్మడికాయతో ఏం తెలుస్తాది అనుకుంటి. పాలకుండ పెట్టినా. ఊరికే పాలు కాదు, తోడేసిన పాలు! కారు గుంతలో పడతాండాది, లేస్తాండాది, నా పళ్లు నాకే కొరుక్కుంటాండాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? దిగి మూత తీసి చూస్తే పెరుగు పేరుకోనుండాది, కత్తి పెట్టి కోస్తే ముక్కలు ముక్కలు వస్తాది. ఆ పెరుగే పొద్దున మా ఇంట్లో తిన్నాం."

"నాకు రవ్వంత ఇయ్యకపోతివే అన్నా, తోడుకు లేక చస్తాండా," అంది మద్దమ్మ పొయ్యి ఊదుతూ.

"అయిపోయింది మద్దమ్మా. ఇంగ విను. పెరుగుకు ప్రాణం ల్యాదు గదా, ప్రాణముండేదాన్ని పెట్టి చూడల్ల అని మేకపిల్లను తెచ్చినా. పుట్టి వారమైంది. కూర్చోబెట్టి పట్టీలు బిగిస్తే హాయిగా కండ్లు మూసుకునె. నేను పక్కన కూర్చుంటి. దేవేంద్ర తోలినాడు చూడు, గాలి! హంద్రీ ఒడ్డుకు పోయేసరికి ఏరు ఇట్ల పారతాండాది, ఎర్రగా, చెట్లు కొట్టుకొస్తాండాయి..."

"హంద్రీలో ఇసుక తప్ప చెంబెడు నీళ్లు ల్యావు గదప్పా," అన్నాడు ఈరన్న.

"నువ్వు లేచేటప్పటికి పారిపోయినాయి! ఎప్పుడో పొద్దెక్కినాక లేస్తావు, ఏరు నీకోసరం కాచుకోనుంటాదా? బ్రేకు పట్టల్యా. కారు ఎగిరింది. ఏటి నడిమికి పోయినాక గాలిలోనే ఒక పల్టీ కొట్టె, రెండో పల్టీ కొట్టె. నేను తలుపులోనుంచి జారి పోయి అవతలి ఒడ్డున చింతచెట్టు కొమ్మ పట్టుకుంటి. మూడో పల్టీకి కారు నాలుగు చక్రాల మీద దిగింది. ఉరికి పోయి తొంగి చూస్తి. ఏం చూస్తి?"

"ఏం చూసినావు?" మద్దమ్మ ఊదడం ఆపింది.

"మేకపిల్ల నిద్రపోతాండాది! చెవి కూడా ఆడియ్యల్యా. కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు ఒకాయప్ప జీపులో పోతా చూసి దిగి, నా చేయి పట్టుకున్యాడు. గోపన్నా, రాజధాని మా ఊరికి వచ్చినప్పటి నుంచి మంత్రులు కుర్చీలోనుంచి పడతానే ఉండారు, ఒక్కొక్కరికి ఇట్లాంటిది చేసియ్యప్పా, ఎవురూ పడరు అన్యాడు. నేనేమంటి? ముందు నా మనవరాలికి, ఆ తర్వాతే మంత్రులకు అంటి."

"ఇదంతా ఈ పొద్దేనా?" అన్నాడు ఈరన్న.

"ఈ పొద్దే, ఉగ్గాని తినకముందే. మద్దమ్మా, ఇంగో మూడు టీలు. అసలు కథ ఇప్పుడే మొదలు..."

గోపన్న ఆ మాట అంటూనే అంగడి పందిరి కిందికి జరుగుతున్న ఎండ వైపు ఓరగా చూశాడు. చూసి మళ్లీ చటుక్కున కళ్లు తిప్పుకున్నాడు. దేవేంద్రప్ప చేతి గడియారంలో ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ.

అప్పుడు తెలిసింది దేవేంద్రప్పకు. బుట్ట అంచులు గీసుకోనూలేదు, కుర్చీ కొలత ఉత్తగా తప్పనూలేదు. ఈ కోతలు కూడా ఊరికే కోయడం లేదు. ముసలాయన మాటలతోనే కారును కట్టేస్తున్నాడు. ఇంకో నలభై నిమిషాలు లాగితే రాహుకాలం, అది దాటితే మాపు, మాపు దాటితే శుక్రవారం. ఆ తర్వాత పదో నెల. పాప ఇంకో నెలకు పైగా మగ్గం గుంట గట్టున కూర్చుని నూలుండలు దొర్లిస్తూ ఉంటుంది.

దేవేంద్రప్పకు కోపం వచ్చింది, వచ్చినంత త్వరగా పోయింది కూడా. గోపన్నను అందరి ముందూ అబద్ధాలకోరును చేయడానికి నోరు రాలేదు. అలాగని ఉత్త కారుతో మిల్లు ముందు మూడోసారి దిగి, ఆంజనేయ ముఖం చూడడమూ ఆయన వల్ల కాదు. పత్తి కాలం, ఆ పిల్లవాడికి సెలవు దొరకదు. బిడ్డను చూసింది రెండుసార్లే. కారు వచ్చిన ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి, లోపలికి తొంగి చూసి, ఏమీ జరగనట్టు "మా మామ పండ్లేమన్నా పంపినాడా అన్నా?" అని అడుగుతాడు.

దేవేంద్రప్ప గ్లాసు పక్కన పెట్టాడు.

"మామా, నువ్వు చెప్పిందంతా నిజమే," అన్నాడు. "కారు తోలినోన్ని నేనే గదా, నేను సాక్షి. మూడు పల్టీలు కొట్టింది. మేకపిల్ల లేవల్యా."

గోపన్నే ఒక్క క్షణం తెల్లబోయాడు. తన కోతకు సాక్షి దొరకడం ఆయన జన్మలో అదే మొదలు.

"అంత బందోబస్తు సీటు దేశంలో యాడా ల్యాదు మామా. మరి ఇంగ దేనికి భయం? పాపను దాంట్లో కూర్చోబెట్టు, పోతాం."

ఈరన్న నవ్వడానికి తెరిచిన నోరు మూసుకున్నాడు. గోపన్న గ్లాసు చేతిలోకి తీసుకుని, ఖాళీగా ఉందని చూసి, మళ్లీ పెట్టాడు.

"పట్టీ ఒకటి ఇంగా..." అన్నాడు.

"మామా," అన్నాడు దేవేంద్రప్ప మెల్లగా. "పోయినసారి పాప పాకుతాండాదని మీ అల్లునికి చెప్తి. రూము గడపకు అడ్డంగా చెక్కపలక కొట్టినాడు, పాక్కుంటా బయటికి పడకుండా. దినమూ ఆ పలక దాటుకోని పనికి పోతాండాడు, దాటుకోని వస్తాండాడు. పలక లోపల పాప ల్యాదు."

గోపన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "పలక వేపదా, తుమ్మదా?" అని అడిగాడు. "తుమ్మ అయితే పేళ్లు లేస్తాయి, చేతికి గుచ్చుకుంటాయి." జవాబు కోసం ఆగకుండా ఇంటివైపు నడిచాడు.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. సిద్దమ్మ కూతురి బొట్టు సరిచేసి కళ్లు తుడుచుకుంది. గోపన్న పాపను ఎత్తుకొచ్చి సీటులో కూర్చోబెట్టాడు. సరిగ్గా పట్టింది, ఇటు వేలు అటు వేలు ఖాళీ. ఒక పట్టీ లాగి చూశాడు, రెండోది లాగి చూశాడు. పాప ఆయన మీసం పట్టుకుని గుంజింది.

అప్పుడు చూశాడు దేవేంద్రప్ప. ప్రతి పట్టీ చివరా నూలు మడతలు మడతలుగా పెట్టి, ఒక్కో మడతనూ ఒక్కో ముడితో ఆపి ఉంది. లెక్కపెడితే తొమ్మిది ముడులు.

"పిల్ల పెరిగే కొద్దీ ఒక్కోటి ఇప్పల్ల," అన్నాడు గోపన్న. "మూడు నెలలకొకటి. మూడేండ్లు వచ్చేదాకా సరిపోతాది. ఈసారి కొలత తప్పల్యా." పంపకూడదని అన్ని కథలు చెప్పిన మనిషి, పంపాక పాపకు మూడేళ్లు నిండేదాకా గడవబోయే కాలాన్నంతా రాత్రుళ్లు కూర్చుని మడతపెట్టి ఉంచాడు.

దేవేంద్రప్ప వంగి ఒక ముడిని వేలితో తడిమాడు. తెగిన పోగును అతికే నేతముడి. ఆయన నాన్న ఆదోనిలో మగ్గం మీదే పోయాడు. స్టీరింగు పట్టకముందు పదేళ్లు దేవేంద్రప్ప చేసిన పనీ ఇదే, కళ్లు మూసుకుని వేయగలడు, విప్పగలడు.

"ఈ ముడి ఇప్పేకి నాకు రాదు మామా," అన్నాడు.

గోపన్న తలెత్తి చూశాడు. "నేతోళ్ల బిడ్డవు. నీకు రాదా?"

"మర్చిపోయినా. మీ అల్లునికీ రాదు. మూడు నెలలకొకసారి నువ్వే రావల్ల. కారు నేను తెస్తా."

గోపన్న తలుపుకు కట్టే తాడు తానే తీసుకుని, రెండుసార్లు చుట్టి బిగించాడు. తర్వాత ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"మా అల్లునికి చెప్పు," అన్నాడు, వీధి చివర ఉన్న ఈరన్నకు కూడా వినపడేలా. "ఆ ముడి ఇప్పేటోడు కర్నూలు నుంచి కడప దాకా నేనొక్కడే ఉండా అని!"

"చెప్తా మామా," అన్నాడు దేవేంద్రప్ప, కారు స్టార్టు చేసే హ్యాండిలు తిప్పుతూ. "నేను సాక్షి."